పానగల్ కట్ట కాడ అద్దం తాకింది: సైకిలోళ్లం ఎట్ల పోవాలె, బండోళ్లు ఎట్ల దాటాలె?

పానగల్ పెడల్ | శుక్రవారం, ఉదయం 8:10

అందరికి నమస్తే. ఇయ్యాల పొద్దుగాల అయిదున్నరకు నల్లగొండ పక్కన పానగల్ చెరువు కట్ట దాటినంక ఒక కారు ఎడమ అద్దం నా కుడి మోచేతికి తాకింది. టప్పుమని సప్పుడు. అద్దం లోపలికి మడుచుకపోయింది, కారు జర ఊగి మల్ల సక్కగ పోయింది. ఆగలే. నంబరు చూసే సోయి నాకు లేకుండె. పడలే గని, పది నిమిషాలు కల్వర్టు గోడ మీద కూసున్న, కాళ్లు వణుకుడు ఆగలే.

నిజం చెప్తే నా దిక్కు సుత తప్పులున్నయి. నీలం టీషర్టు, నల్ల ప్యాంటు. ఎన్క లైటు లేదు. మడ్‌గార్డు మీది ఎర్ర రిఫ్లెక్టరు పోయిన వానకాలంలనే పలిగింది, ఇయ్యాల రేపు అనుకుంట అట్లనే తిరుగుతున్న. గని రోడ్డు మొత్తం ఖాళీ. ఎదురుంగ ఒక్క బండి లేదు. అంత జాగ పెట్టుకొని నా మోచేతిని రాసుకుంట ఎందుకు పోవాలె?

‘అయ్యో, జాగ్రత్త అన్నా’ అని రాయకుండ్రి, ఇంట్ల అది చాన అయింది. బండ్లు నడిపేటోళ్లు మస్తుమంది ఉన్నరు ఇక్కడ. మీ సీట్లకెల్లి చూస్తే సైకిలోడు ఎట్ల కనబడ్తడు, అది చెప్పుండ్రి.

ఎర్రకారు పాలమూరు | 8:41

అడిగినవు కాబట్టి చెప్తున్న, కోపం చెయ్యకు. కనబడరు. అదే జవాబు.

భూత్పూర్ రోడ్డు మీద పొద్దుమూకినంక ఇంటికి వస్తుంటే ఎదురు లారీ లైట్లు కండ్లల్ల కొడ్తయి. ఆ లారీ దాటంగనే రెండు మూడు సెకన్లు ముందర అంతా నలుపే. గా నలుపుల మీ నల్ల ప్యాంటు. ఇగ పట్టపగలు సంగతి చూడు: ముగ్గురు పిలగాండ్లు పక్కపక్కకు పోతరు, చెవులల్ల ఇయర్‌ఫోన్లు, హారన్ కొట్టినా ఇనరు. సగం మంది రాంగ్ రూట్ల ఎదురొస్తరు. నాకు సీటు బెల్టు లేకుంటే చలానా. సైకిలుకు లైసెన్సు లేదు, నంబరు లేదు, ఇన్సూరెన్సు లేదు. ఆఖరికి తప్పెవరిదైనా కారోనిదే అంటరు.

తెల్లారుజాము పేపర్ | 9:02

రాంగ్ రూట్ల వచ్చేటోళ్లల్ల నేనొకణ్ని అన్నా. మహబూబ్‌నగర్‌ల పేపర్లు ఏస్త, డిగ్రీ సెకండ్ ఇయర్. నాలుగున్నరకు గడియారం కాడ కట్టలు తీసుకొని న్యూటౌన్, మెట్టుగడ్డ దిక్కు పోత. ఎదురుంగ పోతే వచ్చే బండి నాకు కనబడ్తది, తప్పుకుంట. ఎన్కకెల్లి వచ్చేది ఎట్ల కనబడ్తది? నడిచేటోళ్లను ఎదురుంగనే నడవమంటరు గదా.

అచ్చంపేట ఘాట్ | 9:30

తమ్మీ, నడిచేటోని లెక్క వేరు. నడిచేటోడు నిలబడ్తడు, ఒక్క అడుగు పక్కకు ఏస్తడు, అయిపాయె. సైకిలు అట్ల పక్కకు అడుగెయ్యదు.

జర లెక్క చూడు. కారు 60 మీద వస్తుంది, నువ్వు 15 మీద పోతున్నవు. ఒక్కటే దిక్కు పోతుంటే మీ ఇద్దరి నడుమ తేడా 45. ఎదురుంగ పోతే 75. డ్రైవరు నిన్ను చూసి బ్రేక్ మీద కాలు పెట్టేదానికి దొరికే టైముల నూటికి నలభై పాళ్లు పోతది. ఇంకోటి, గల్లీలకెల్లి రోడ్డు మీదికి ఎక్కే ఆటో ఎడమకు తిరిగేటప్పుడు కుడి దిక్కే చూస్తది. ఆ టైముల నువ్వు ఎడమ దిక్కుకెల్లి వస్తవు. నిన్నెవరు చూస్తరు? మెట్టుగడ్డ కాడ ఎన్ని గల్లీలు రోడ్డెక్కుతయో నాకంటే నీకే ఎక్కువ తెల్సు.

నేను కల్వకుర్తి, డిండి మీదికెల్లి శ్రీశైలం దాంక సైకిల్ మీద పోయొచ్చినోణ్ని. ఘాటుల భయమైతుందని ఎన్నడూ కుడి దిక్కుకు మారలే. హ్యాండిలుకు 200 రూపాయల గుండ్రని అద్దం పెట్టుకున్న. ఎన్క ఏమొస్తుందో దాంట్ల కనబడ్తది.

తెల్లారుజాము పేపర్ | 9:38

అద్దం సంగతి నాకు తోచనే లేదు అన్నా.

స్టీరింగ్ తాత | 10:15

నేను దేవరకొండ మనిషిని. పెద్ద బస్సు 31 ఏండ్లు తోలిన. ఇప్పుడు మోకాళ్లు పోయినయి, మనుమని ఫోన్ల రాస్తున్న, తప్పులుంటే సర్దుకోండ్రి.

పానగల్ తమ్మీ, నీ ప్రశ్నకు సక్కగ జవాబు చెప్త. డ్రైవరు సీట్ల కూసున్నోనికి సైకిలు కనబడ్తది. ఎర్రకారు బిడ్డ చెప్పినట్టు చీకట్ల కనబడదు, అది వేరే కథ. పగటీలి కనబడ్తది. కనబడ్డా లెక్కల పడదు. మా కండ్లు ముందు ఏం దేవులాడ్తయంటే లారీ, బస్సు, బర్లు, గొర్ల మంద. అంటే నా బండికి దెబ్బ తాకేది. సైకిలోడు నాకు దెబ్బ కాదు, అందుకే మనసు వాన్ని దాటేస్తది. పాపం అనుకో, నిజం మాత్రం గదే.

హారన్ సంగతి చెప్త ఇనుండ్రి, డ్రైవర్లందరికి చెప్తున్న. సైకిలాయన ఎన్కకు రాంగనే పాం అని కొడ్తరు. హారన్ ఇనంగనే ఆయనేం చేస్తడు? ఎన్కకు చూస్తడు. కుడి భుజం మీదికెల్లి చూస్తడు. మెడ ఎటు తిరిగితే హ్యాండిలు అటు గుంజుతది. సైకిలు కుడికి వస్తది. అంటే నువ్వు హారన్ కొట్టి ఆయన్ను నీ చక్రాల కిందికి పిల్చినట్టే. కొడ్తె దూరంకెల్లే కొట్టు, చిన్నగ ఒక్కసారి. ఆయన చూసి, తిరిగి, సర్దుకునే సరికి నువ్వు పోయి దాటాలె. పక్కకు వచ్చినంక ఎయిర్ హారన్ కొట్టేటోడు డ్రైవరు కాదు.

నా తప్పు ఒకటి చెప్త. చాన ఏండ్ల కింద, డిండి దిక్కు పోతుంటే ముందర ఒక గౌడన్న సైకిల్ మీద కల్లు లొట్లు కట్టుకొని పోతుండు. ముందర కల్వర్టు, రోడ్డు సన్నగైతది. నాకు టైము అయితుంది. కల్వర్టు కంటె ముందే దాటేద్దామని లాగిన. నా మొకం దాటింది, నా డోరు దాటింది, ఇగ అయిపాయె అనుకొని ఎడమకు తిప్పిన. బస్సు తోక ఇంకా ఆయన పక్కనే ఉన్నది. ఎన్క బాడీ తాకి గౌడన్న గోడ అవుతల పడ్డడు. కింద ఇసుకుండె, మనిషికి చెయ్యి కొట్టుకపోయింది అంతే. లొట్లు మొత్తం పలిగినయి. ప్యాసింజర్లు నన్ను తిట్టని తిట్టు లేదు. మర్నాడు డ్యూటీ దిగినంక ఆయన ఇంటికి పోయిన. ఆయనేమన్నడో తెల్సా? ‘నీ మూతి పోయింది గదా, బస్సు పోయిందనుకున్న సారూ, నేను సుత కుడికి జరిగిన’ అన్నడు. ఇద్దరికి ఇద్దరం బస్సు పొడుగు మరిసినం.

ముందర కల్వర్టు, బ్రిడ్జి, మూల మలుపు ఉంటే సైకిలు ఎన్కనే మెల్లగ పోవాలె. అర నిమిషం. 31 ఏండ్లల్ల ఆ అర నిమిషం కోసం నన్ను ఎవ్వడూ సస్పెండ్ చెయ్యలే.

మెట్టుగడ్డ అక్క | 11:05

తాతా, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించిన. ఆయన హారన్ మీద చెయ్యి తియ్యడు.

మా పాప తొమ్మిదో తరగతి, సైకిల్ మీద బడికి పోతది. ఎన్కకెల్లి వచ్చే బండ్ల కంటే మాకు ఆగి ఉన్న బండ్లే ఎక్కువ భయం. పోయిన నెల రోడ్డు పక్కన కారు ఆపుకొని ఒకాయన ఫోన్ మాట్లాడుతుండు. మా పాప ఆ కారు పక్కనుంచి పోతుంటే టక్కున డోరు తీసిండు. హ్యాండిల్ డోరుకు తగిలి పాప రోడ్డు నడిమిల పడ్డది. ఎన్క వచ్చే ఆటో అతను బ్రేక్ కొట్టిండు కాబట్టి ఇప్పుడు నేను ఇది రాస్తున్న. డోరు తీసినాయన ‘చూసుకొని రావద్దా’ అని పాపనే గద్దించిండు.

ఆ తర్వాత మా ఇంట్ల ఒక నియమం పెట్టిన. కారుల కుడి దిక్కు కూసున్నోళ్లు ఎడమ చేతితోటే డోరు తియ్యాలె. చేసి చూడండి. ఎడమ చెయ్యి కుడి డోరు దాంక పోవాల్నంటే ఒళ్లు దానంతట అదే తిరుగుతది, తలకాయ ఎన్కకు పోతది, వచ్చే సైకిలు కనబడ్తది. నెదర్లాండ్స్‌ల ఇది అందరికి అలవాటేనట. ఖర్చు లేదు, చలానా లేదు. మా ఆయన నాలుగు రోజులు నవ్విండు, ఇప్పుడు అట్లనే తీస్తుండు.

పాపకు చెప్పింది ఒక్కటే: ఆగిన కారుకు, నీకు నడుమ ఒక డోరు పట్టేంత జాగ ఉండాలె. ఎన్క హారన్ కొట్టినా సరే.

ఎర్రకారు పాలమూరు | 11:20

అక్కా, అట్ల డోరంత జాగ ఇడిసి పోతే మీ పాప రోడ్డు నడిమిట్లకు వస్తది. అప్పుడు నేను ఎటు పోవాలె?

మెట్టుగడ్డ అక్క | 11:24

మా పాప ఎన్క పోవాలె అన్నా. ఆ కారు దాటే దాంక.

మిర్యాలగూడ లోడ్ | మధ్యాహ్నం 1:48

తిప్పర్తి కాడ అన్నం తింటూ చదువుతున్న. లారీ నాది కాదు, ఓనరుది, నేను డ్రైవర్ని. రైస్ మిల్లుల లోడ్లు.

కార్లోళ్లకు అర్థం కాంది ఒకటి చెప్త. ‘సైకిలోడు మట్టిలకు దిగొచ్చు గదా, రోడ్డెందుకు పట్టుకుంటడు’ అంటరు. మీరెన్నడన్న తారు అంచు చూసిన్రా? సింగిల్ రోడ్ల మీద ఒక్కోకాడ బెత్తెడు లోతు ఉంటది. దాని కింద కంకర, తుమ్మ ముండ్లు, వానకు కోసుకపోయిన గుంత. సైకిలు దాంట్లకు దిగితే ముందు చక్రం అంచుకు ఒరుసుకుంటది. మల్ల పైకెక్కుదామని హ్యాండిలు తిప్పితే చక్రం ఎక్కదు, జారుతది, మనిషి రోడ్డు మీదికే పడ్తడు. సరిగ్గ నా ఎడమ చక్రాల ముందర. అందుకే నేను సైకిలోన్ని దిగమన. వాడు తారు మీద ఉంటేనే నాకు మంచిది.

ఇగ నా దిక్కు బాధ. లారీకి ఎడమ దిక్కు గుడ్డి జాగ ఉంటది. సిగ్నల్ కాడ, టర్నింగ్ కాడ నేను ఆగి ఉంటే సైకిళ్లు, స్కూటీలు ఎడమకెల్లి సందుల దూరుతయి. నా డోరు కిందికి వచ్చి నిలబడ్తే నాకు నెత్తి సుత కనబడదు. నేను ఎడమకు తిరుగుతే ముందు చక్రం పోయిన తొవ్వల ఎన్క చక్రం పోదు, లోపలికి కోస్తది. సందు మాయమైతది. నా అద్దంల మీకు నా మొకం కనబడకపోతే, నాకు మీరు లేనట్టే. లారీ ఎన్కనే ఆగుండ్రి, దండం పెడ్త.

పానగల్ అన్నా, ఆదివారం నల్లగొండల లోడ్ దిగుడు ఉన్నది, నా బండి ఖాళీగ ఉంటది. మీ సైకిలు తీస్కొని రా. నా సీట్ల కూసోని చూడు.

పానగల్ పెడల్ | 2:20

వస్త తమ్మీ. కొడుకును సుత తీస్కొస్త.

ఎర్రకారు పాలమూరు | 2:55

లోడ్ తమ్మీ, బాగ చెప్పినవు. మరి వడ్ల సంగతి సుత చెప్పు. కోతల టైముల సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు. చుట్టూ బండలు పెడ్తరు. రాత్రి నల్ల పరదా కప్పుతరు. ఆ నల్ల పరదా కారుకే కనబడదు, సైకిలోడు ఏమైతడు? బైకు మీద పోయేటోళ్లు ఆ బండలకు తట్టుకొని పడ్తనే ఉంటరు గదా.

మిర్యాలగూడ లోడ్ | 3:30

మాది సుత రైతు ఇల్లే అన్నా. కొనుగోలు కేంద్రంల తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. కల్లాలు లేవు, ఎండ ఉన్నప్పుడే ఆరాలె, తారు రోడ్డు మీద జల్ది ఆరుతయి. ఎవ్వడూ సరదాకు పోస్తలేడు. గని బండలు పెట్టుడు తప్పే, ఒప్పుకుంట. మా నాయిన బండలు తీసేసి ఎరువుల ఖాళీ సంచులల్ల ఇసుక నింపి పెడ్తుండు, చక్రం తాకితే సంచి నలుగుతది, మనిషి ఎగిరి పడడు. తెల్ల సంచులు, రాత్రి లైటుకు కనబడ్తయి. పరదా మీద నాలుగు తెల్ల సంచులేస్తే సుత చాలు. ఇంకా మంచిదంటే, పొద్దుమూకంగనే కుప్ప చేసి రోడ్డు అవుతలికి జరుపుడు. అందరు చెయ్యరు.

నిర్వాహకుడు | 3:41

వడ్ల కొనుగోలు రాజకీయాలు ఇక్కడ వద్దు. దానికి వేరే చర్చ ఉంది. ఈ రెండు పోస్టులు మాత్రం రోడ్డు సంగతే కాబట్టి ఉంచుతున్నాను.

లా పాయింట్ | సాయంత్రం 6:20

కోర్టు నుంచి ఇప్పుడే వచ్చాను. రెండు మూడు అపోహలున్నాయి.

ఎర్రకారు గారూ, సైకిల్ మోటారు వాహనం కాదు, కాబట్టి లైసెన్సు, ఇన్సూరెన్సు అడగరు. అంటే రోడ్డు మీద దానికి హక్కు లేదని కాదు. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో నడిచేవాళ్లు, సైకిలిస్టులు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగుల విషయంలో డ్రైవరు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని రాసే ఉంది. జర్మనీలో సైకిల్‌ను దాటేటప్పుడు ఊళ్లో ఒకటిన్నర మీటరు, ఊరి బయట 2 మీటర్లు వదలాలి. మనకు అంకె ఎందుకు, మోచెయ్యికి అద్దం తగిలితే అది జాగ్రత్త కాదని తెలియడానికి టేపు అక్కర్లేదు.

పానగల్ గారూ, మీ విషయంలో ఆ డ్రైవరు ఆగకపోవడమే పెద్ద తప్పు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగితే గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు చెప్పాలి. గుద్ది వెళ్లిపోయిన బండి దొరకకపోతే కూడా పరిహారం ఉంటుంది: మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు, 2022 ఏప్రిల్ 1 నుంచి ఇదే లెక్క. దీనికి కోర్టుకు పోనక్కర్లేదు, రెవెన్యూ డివిజన్ అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. చాలామందికి తెలియదు, అందుకే పెట్టరు. సైకిల్ మీద కూలికి పోయి దెబ్బతిన్నవాళ్ల ఇళ్లకు ఎవరైనా ఈ ముక్క చేరవేస్తే బాగుండు.

2025 నుంచి మోటారు వాహనం వల్ల దెబ్బతిన్నవాళ్లకు గుర్తించిన ఆసుపత్రుల్లో 7 రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం పథకం కూడా ఉంది. సైకిలాయనకూ వర్తిస్తుంది, కొట్టింది మోటారు బండి కదా.

స్టీరింగ్ తాత | 6:50

వకీలు సాబ్, పడ్డోన్ని లేపితే పోలీస్ స్టేషన్ సుట్టు తిప్పుతరని జనం భయపడ్తరు. దానిదేమన్న ఉన్నదా?

లా పాయింట్ | 7:05

ఉంది. 134ఎ సెక్షన్. 2019 సవరణలో వచ్చింది. సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లను మొదటి గంటలోపు ఆసుపత్రికి చేరిస్తే కేంద్రం ఇచ్చే పారితోషికం ఇప్పుడు 25 వేలు. అంతకుముందు 5 వేలు ఉండేది. హైవే మీద అయితే 1033, ఎక్కడైనా 108.

పంచర్ షాప్ | రాత్రి 9:12

జడ్చర్లల మా నాయిన కాలంకెల్లి సైకిల్ షాపు. ఇప్పుడు గేర్ల సైకిళ్లు సుత వస్తున్నయి గని పంచర్లు అవే.

అందరు చట్టాలు చెప్పిండ్రు, నేను సామాను చెప్త. పాత సైకిళ్లకు ఎన్క మడ్‌గార్డు చివరికి జానెడు తెల్లరంగు ఉంటుండె, గుర్తున్నదా? ఊరికే అందం కోసం కాదు అది. ఇప్పుడు వచ్చే ఫ్యాన్సీ సైకిళ్లకు మడ్‌గార్డే లేదు, రిఫ్లెక్టరు ఏడ పెడ్తరు? కొనంగనే పిల్లలు పెడల్ రిఫ్లెక్టర్లు సుత పీకేస్తరు, ‘లుక్ పోతది’ అని. అరె నాయినా, ఎన్కకెల్లి వచ్చే డ్రైవరుకు అన్నింటికంటే జల్ది గుర్తువట్టేది అదే. ఎర్ర చుక్క ఒక్కకాడ ఉంటే అది రాయా, బండా, ఆగిన ట్రాక్టరా తెల్వదు. పసుపు చుక్కలు రెండు కిందికి మీదికి, కిందికి మీదికి ఆడ్తుంటే సైకిలోడు తొక్కుతుండని ఇట్టె తెలుస్తది. పెడల్‌వి పోతే చీలమండకు మెరిసే పట్టీ కట్టుకో, అదే పని చేస్తది.

బ్రేకులు. రాడ్ బ్రేక్ సైకిళ్లు ఉన్నోళ్లు వానకాలం జర యాది పెట్టుకోండ్రి. స్టీల్ రిమ్ము తడిస్తే రబ్బరు జారుతది, మొదటి రెండు చుట్లు ఏం పట్టదు. మూల మలుపు కంటె ముందే రెండుసార్లు ఒత్తి నీళ్లు తుడిపియ్యాలె. రబ్బర్లు పది ఇరవై రూపాయలకు వస్తయి. ఇనుము రిమ్ముకు రాసుకునే దాంక వాడి, చెప్పులు నేలకు ఆనించి ఆపేటోళ్లు నా గిరాకిలనే ఉన్నరు.

డైనమో లైటు ఆగితే ఆరిపోతది. రోడ్డు దాటేదానికి నిలబడ్డప్పుడే నువ్వు కనబడవు. ఛార్జింగ్ ఎర్ర లైటు ఒకటి సీటు కింద పెట్టుకోండ్రి. మినుకుమినుకుది పెడ్తే ఇంకా మంచిది.

అచ్చంపేట ఘాట్ | 9:40

పంచర్ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు. ఎర్రకారు అన్నకు ఇంకో లెక్క. 60 మీద బండి ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతది. చూసి బ్రేకు తొక్కేదానికి ఒక సెకను, బండి ఆగేదానికి ఇంకో 20 మీటర్లు, అంతా కలిపితే 37. 80 మీద అయితే 58 దాంక పోతది, పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటేనే. డిప్పర్ల పెట్టిన, అంటే కిందికి దించిన లైటు నలభై మీటర్ల కంటే ఎక్కువ దూరం సక్కగ చూపియ్యదు. అంటే చీకట్ల డిప్పర్‌తోటి 80 మీద పోయేటోడు, నల్ల ప్యాంటు సైకిలోన్ని చూసేసరికే ఆలస్యమైపోయినట్టు. సైకిలోడు లైటు పెట్టాలె, ఒప్పుకుంటం. గని మంది కంటే ముందు బర్రె కూడా ఉంటది గదా రోడ్డు మీద, దానికి లైటు ఎవరు పెడ్తరు?

ఎర్రకారు పాలమూరు | 9:58

బర్రెకు కొమ్ములున్నయి, మా కారుకు పోయిన ఏడాది తెల్సింది. 😀 సరే, లెక్క ఒప్పుకున్న. 60 దాటను రాత్రి.

తెల్లారుజాము పేపర్ | శనివారం, ఉదయం 7:30

ఇయ్యాల ఎడమ దిక్కే పోయిన. తొవ్వ జర పొడుగైంది, డివైడర్ దాటేకాడ దిగి నడిపిచ్చుకుంట పోయిన. కట్టల బరువుకు ఎన్క క్యారియర్ ఊగుతది, తలకాయ తిప్పి చూసుడు కష్టమైంది. జీతం రాంగనే అద్దం కొంట.

స్టీరింగ్ తాత | 8:00

శాబాష్ బిడ్డా. కట్టలను క్యారియర్ మీద ఒక్క దిక్కే కట్టకు, రెండు దిక్కుల సంచులల్ల సమానంగ ఎయ్యి, ఊగుడు తగ్గుతది.

పానగల్ పెడల్ | ఆదివారం, మధ్యాహ్నం 12:35

లోడ్ తమ్ముని లారీల కూసోని వచ్చిన. రాయకుంటే ఉండబుద్ధి కాలే.

కొడుకును సైకిలు పట్టుకొని ఎడమ డోరు పక్కన నిలబెట్టిన. ఆరడుగుల పిలగాడు, మాయమైండు. తలకాయ సుత కనబడలే. ‘ఉన్నవా’ అని కేకేస్తే కిందికెల్లి గొంతు వస్తుంది. ఎన్కకు నడువుమన్న. అద్దంల వాడు కనబడ్డది లారీ తోక దాటినంకనే. ఇన్ని ఏండ్ల సంది సిగ్నల్ కాడ నేను ఎడమ సందుల దూరి ముందర పోయి నిలబడి, ‘ముందరున్న, నన్ను చూస్తడు’ అనుకుంటున్న. లారీ మూతి కింద నిలబడ్డోడు సుత కనబడడట, అది సుత చూపిచ్చిండు.

ఇంకోటి. లోడ్ తమ్ముడు నా సైకిలెక్కి పక్కన రోడ్డు మీద వంద గజాలు తొక్కిండు. వాడికి సైకిలు తొక్కి పదేండ్లాయెనట. ఒక టిప్పర్ పక్కకెల్లి పోయింది. గాలికి సైకిలు ముందు అవుతలికి నెట్టినట్టయి, టిప్పర్ దాటంగనే ఇవుతలికి గుంజింది. దిగి వచ్చి ఏం మాట్లాడలే. నీళ్లు తాగిండు. ‘మా బండి దాటేటప్పుడు గాలి ఇట్ల కొడ్తదని తెల్వదన్నా’ అన్నడు.

చెయ్యి వాపు తగ్గింది. సీటు కింద ఎర్ర లైటు పెట్టిన, 180 రూపాయలు.

మిర్యాలగూడ లోడ్ | 1:10

నీళ్లు తాగింది ఎండకు అన్నా. భయానికి కాదు.

ఎర్రకారు పాలమూరు | రాత్రి 8:22

మీ అందరి పుణ్యాన ఇయ్యాల ఒకటి అయింది. ఎనుగొండ దాటినంక ఒకాయన సైకిల్ మీద గడ్డిమోపు అడ్డం కట్టుకొని పోతుండు, రోడ్డు సగం ఆయన మోపే. ఎదురుంగ బస్సు. ఎప్పటి లెక్కనైతే దూరేటోణ్ని. తాత చెప్పింది యాదికొచ్చి ఎన్కనే మెల్లగ పోయిన, హారన్ కొట్టలే. నా ఎన్క బైకు మీద ఇద్దరు, హారన్ మీద హారన్. ఆఖరికి నా పక్కకెల్లి దూరి, అద్దంల తొంగి చూసి, ‘కారు నడపరాదా అంకుల్’ అని పోయిండ్రు.

స్టీరింగ్ తాత | 8:30

వాళ్లను ఈ చర్చలకు పట్టుకరాండ్రి.

మెట్టుగడ్డ అక్క | 8:44

పంచర్ అన్నా, మా పాప సైకిలుకు పెడల్ రిఫ్లెక్టర్లు, సీటు కింద లైటు కావాలె. రేపు షాపు ఉంటదా?

పంచర్ షాప్ | 9:01

ఉంటదక్కా. పది గంటలకు తీస్త. గడ్డిమోపాయన తెలిస్తే ఆయన్ను సుత పంపుండ్రి, మోపుకు ఎన్క కట్టుకునే ఎర్ర గుడ్డ, మెరిసే టేపు ముక్క ఊరికే ఇస్త.